చివరి పేజీ

"నిరుడు కొన్నవి బాగానే ఉన్నాయిగా అమ్మా," అంది గౌరి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"ఇరుకైపోతాయి. ఊరికే ఉండు." సుబ్బమ్మ కూతురి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని దారంతో కొలిచింది.

ఏటా కొత్త సంవత్సరానికి గౌరికి తెల్ల బూట్లు రావాలి. ఆ పట్టింపూ, ఆ మొక్కూ సుబ్బమ్మవి. కొంటే నల్లవి కొనమని కూతురు, తెల్లవేనని తల్లి కాసేపు వాదించుకున్నారు. పాతవి చెల్లెలు సావిత్రికి వెళతాయి. అక్క బూట్ల మీద గీత కూడా ఉండదని సావిత్రి బడిలో గొప్పలు పోతుంది.

గౌరి దిగులు వేరు. పుస్తకం మూసి, కిటికీ పక్క కుర్చీలోంచే తండ్రికి అందించింది. "ఇదీ అంతే నాన్నా. ఇంకొక్కటి చూస్తాను. అదీ ఇలాగే ఉంటే ఇక చదవను."

రామలుది బ్రిజే వెర్దియేర్ ఊరి చెరకు తోటలో పని. ఫ్రెంచి చదవడం రాదు. అయినా ప్రతి శనివారం రెండు బస్సులు మారి రోజ్ హిల్‌ పట్నంలోని అద్దె పుస్తకాల కొట్టుకు వెళతాడు. పద్నాలుగేళ్ల కూతురి షరతులు అతనికి కంఠస్థం. కథలో వింతలుండాలి. రాకుమారుడు ఉండకూడదు, ముసలి మంత్రగత్తె ఉండకూడదు. ముఖ్యంగా, చివరి పేజీలో ఏ దేవతో ఏ మూలికో వచ్చి అంతా సరిచేసి పోకూడదు.

అవన్నీ తీసేస్తే వింత కథలో ఏం మిగులుతుందని కొట్టు చూసుకునే జోసెలిన్ మొదట్లో నవ్వేది. రెండేళ్లుగా వెతికి వెతికి ఆవిడా నవ్వడం మానేసింది. ఆ శనివారం రామలు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదే ఆఖరిదంటోంది, మదాం. దానికి ఉన్నది చదువుకోవడం ఒక్కటే."

జోసెలిన్ లోపలికి వెళ్లి అట్ట లేని పుస్తకం ఒకటి తెచ్చింది. "చివరి పేజీ చూశాను, మిస్యే రామలు. ఎవరూ వచ్చి ఏదీ సరిచేయరు."

ఆదివారం మధ్యాహ్నానికి గౌరి చదివేసింది. ఎప్పటిలా కంచాలు తెచ్చుకుని అందరూ ఆమె కుర్చీ చుట్టూ కూర్చున్నారు. రామలు కూతురి ముఖమే చూస్తున్నాడు, అడగడానికి ధైర్యం చాలక. సుబ్బమ్మే అడిగింది, కథేమిటని.

"సముద్రం వచ్చి ఊరిని ముంచేసింది. ఎన్ని మొక్కులు మొక్కినా వెనక్కి పోలేదు."

"చివరికి కూడానా?"

"చివరికి కూడా."

"మరి వాళ్లేం చేశారే?"

"చాలా రోజులు ఏడ్చారు. తర్వాత పడవలు కట్టుకున్నారు." గౌరి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. "చాలా బాగుంది నాన్నా."

సుబ్బమ్మ గరిటె పప్పు గిన్నెలోనే ఆగింది. రేపు తోట నుంచి అటే ఫ్లాక్ బజారుకు వెళ్లి బూట్లు తెస్తానని, కొలత ఇమ్మని రామలు అడిగాడు. ఆమె కొంగుముడి విప్పి దారం తీసింది. లేచి వెళ్లి పొయ్యిలో పడేసింది.

"ఈ ఏడు బూట్లొద్దు, చక్రాల కుర్చీ కొందాం."