ఉర్దూ వైపు నుంచి

"అట్ల కాదు చాచా, ఉల్టా తిప్పుతుండారు!"

అరీబా విసుగు దాచుకోలేదు. మస్కట్‌లో ఆర్ట్ కాలేజీ రెండో ఏడు చదువుతోంది. ఆ సాయంత్రం దార్సైట్‌లోని ఒక హాల్లో వాళ్ల తరగతి ప్రదర్శన. ఆమె బల్ల మీద సొంతంగా గీసిన కామిక్స్, పాత టీవీకి తగిలించిన పాతకాలపు వీడియో గేమ్, వాటి మధ్య అరచేతిలో పట్టేంత బొమ్మల పుస్తకం.

వంద కాగితాలు. బొటనవేలితో గబగబా వదిలితే బొమ్మ కదులుతుంది.

పాత గేముల్లోలా చిన్న చిన్న చదరాలతో కూర్చిన మనిషి ఒమాన్‌లోని షినాస్ ఒడ్డు నుంచి సముద్రంలోకి పోతాడు. మునుగుతున్న వాణ్ణి ఒడ్డుకు తోస్తాడు. తాను అలల్లో కలిసిపోతాడు.

అలా ఒడ్డుకు చేరిన వాడు అరీబా నాన్న ముఖీత్. ఇరవై రెండేళ్ల కిందటి మాట.

కాపాడిన మనిషికి మాత్రం ముఖం లేదు. ముఖం చోట ఖాళీ చదరం.

"ఎట్లుంటాడు అబ్బాజాన్?" అని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉంది.

"ఎవురో బేటీ. గుర్తు లేదు" అనేవాడు ముఖీత్, ఎప్పుడడిగినా.

ఐదింటికి సార్లు మార్కులు వేయడానికి వస్తారు. మార్కుల సంగతి అటుంచితే, నాన్నకు ప్రాణం పోసిన మనిషికి ముఖం ఇవ్వలేకపోయానే అన్న బాధ మూడు నెలలుగా అరీబాను తినేస్తోంది.

ఇప్పుడీ ముసలాయన ఎక్కణ్నుంచో వచ్చి, పుస్తకాన్ని చివరి అట్ట నుంచి మొదలుపెట్టాడు.

"మాకు పుస్తకమంటే ఈ పక్క నుంచే బేటీ. ఉర్దూ బళ్లో సదివినోణ్ని."

"మీదీ మా కడపేనా?"

ఆయన వేలు కదిలించాడు.

అలలు విడిపోయాయి. నీళ్లలోంచి మనిషి లేచాడు. ముఖం లేదు కాబట్టి పోతున్నాడో వస్తున్నాడో తెలియదు. నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చేశాడు.

అరీబా ముందుకు వంగి చూసింది. బొమ్మలన్నీ తను గీసినవే. ఈ కథ మాత్రం తను గీయలేదు.

"బాగా గీసినావు. ఒడ్డుకొచ్చేసరికి ఎవురూ ల్యారు" అన్నాడాయన.

"వచ్చేది కాదు చాచా, పొయ్యేది. ఆయన మునిగిపోయినాడు."

"ఎవురు సెప్పినారు?"

"మా అబ్బాజాన్. కళ్లారా చూసినాడు."

"ఇంకొంచెం సేపు సూసింటే బాగుండు."

మళ్లీ తిప్పాడు. మళ్లీ మళ్లీ తిప్పాడు. కాగితాలు ఎక్కడ చిరుగుతాయోనని అరీబా ఆయన వేళ్ల మీంచి కళ్లు తీయలేదు.

"ఈయనకు మొగం పెట్టల్యా?"

"ఎట్లుంటాడో తెలీదు."

"పెట్టొద్దులే. ల్యాకుండా గూడా బతకచ్చు."

"చాచా, కొంచెం పక్కకు జరుగుతారా? సార్లు వచ్చే టైమయింది."

ఆయన పుస్తకాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"మీ అబ్బాజాన్ బాగుండాడా?"

"బాగుండాడు. ఇప్పుడే వస్తాడు."

"బాగుండనీ" అంటూ వెళ్లిపోయాడు.

ఆయన పోయాక ఆ పుస్తకాన్ని ముందు నుంచి తిప్పడానికి అరీబాకు చేయి రాలేదు.

పది నిమిషాలకు ముఖీత్ వచ్చాడు. అరీబా భయాన్ని నవ్వులో కలిపి జరిగింది చెప్పింది.

"ఎవురో చాదస్తపు చాచా. పుస్తకం ఉల్టా తిప్పి, ఒడ్డుకొచ్చేసరికి ఎవురూ ల్యారు అంటాడు!"

ముఖీత్ బయటికి పరుగెత్తాడు. కార్ల మధ్య, రోడ్డు మీద, ఎదుటి సందులో వెతికాడు. తిరిగి వచ్చాడు.

"ఎట్లుండాడు? మొగం ఎట్లుంది? చెప్పు బేటీ!"

అరీబా నోరు తెరిచింది. వేళ్లు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు. తను ఆ ముఖం వైపు సరిగా చూడనే లేదు.

ముఖీత్ కుర్చీలో కూలబడ్డాడు.

"అప్పుడు ఆయనా నేనూ ఇద్దరం ఖల్లివెల్లి బేటీ. పనిచ్చిన కఫీల్ దగ్గర్నుంచి పారిపొయ్యి, బతాకా కార్డు లేకుండా దొంగగా పనిచేస్తాంటిమి. కేకలేస్తే జనమొస్తారు, పోలీసులొస్తారు, జైల్లో ఏస్తారు అని భయపడినా. ఒక్క కేక గూడా వెయ్యకుండా ఒడ్డు ఇడిసి ఉరికినా. ఆ తర్వాత ఎవురడిగినా, ఆ మనిషి ఎవురో తెలీదనే చెప్పినా."

"మరి ఎవరు అబ్బాజాన్?"

ముఖీత్ పుస్తకంలోని ఖాళీ చదరం మీద వేలు పెట్టాడు.

"బాబు మియా. నా సొంత అన్న."