లెక్క తేలని పెట్రోలు

“ఫుల్ ట్యాంక్ చెయ్. పైపు దానంతటది ఆగాక ఒక్క చుక్క కూడా పడకూడదు” అన్నాడు ఆడిటర్ కారు దిగుతూనే.

“రౌండ్ ఫిగర్ చేసెయ్యనా సార్?” అన్నాడు పంపు దగ్గరి మనిషి.

“చెప్పింది చెయ్యవయ్యా!”

ఆడిటర్‌కి మైలేజీ అంటే ప్రాణం. ట్యాంకు నిండా కొట్టించి మీటరు సున్నా చేస్తాడు. మళ్ళీ నిండా కొట్టించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాడు. పెళ్ళిరోజు మరిచిపోతాడు గానీ మైలేజీ మరిచిపోడని భార్య దెప్పిపొడుస్తూ ఉంటుంది.

పైపు టక్కున ఆగింది. ఆడిటర్ ఫోన్లో లెక్క కట్టాడు. నమ్మకం లేక మళ్ళీ కట్టాడు. మొహం మాడిపోయింది.

లీటరుకి పదిహేను ఇచ్చే కారు పదికి దిగింది. నెల రోజులుగా ఇదే వరస. సరిగ్గా ఈ డ్రైవర్ చేరినప్పటినుంచీ.

డ్రైవర్ ఏజెన్సీ పంపిన మనిషి. వయసు ఇంచుమించు ఆడిటర్ వయసే. అడిగితే తప్ప నోరు విప్పడు. ఆడిటర్‌ని ఆఫీసులో దింపడం, మధ్యాహ్నం ఆయన తల్లిని థెరపీకి తీసుకెళ్ళి సాయంత్రానికి ఇంటికి తేవడం, అంతే అతని పని.

“కారు ఎక్కువ తిరగలేదని మీటరు చెబుతోంది. మరి పెట్రోలు ఎవరు తాగినట్టు?” అని కారు పక్కన నిలబడ్డ డ్రైవర్‌ని నిలదీశాడు.

“సార్, అది... ఇంజను...”

“ఇంజను మీదకి నెట్టకు. మొన్ననే సర్వీసింగ్ చేయించాను.”

“అది కాదు సార్, అమ్మగారు...”

“దొంగతనం నువ్వు చేసి మా అమ్మని మధ్యలోకి లాగుతావా? సిగ్గులేదూ?”

వెనక సీట్లోంచి దబదబా చప్పుడైంది. పక్షవాతం తల్లి కుడి చేతినీ, మాటనీ ఒకేసారి పట్టుకుపోయింది. మిగిలిన ఎడమ చేత్తో ఆవిడ అద్దాన్ని బాదుతోంది.

“ఆ... ఆ...”

“చూశావా, మా అమ్మకే ఒళ్ళు మండిపోతోంది!” అన్నాడు ఆడిటర్.

డ్రైవర్ అద్దం దగ్గరికి వంగాడు. “ఆయాసపడకమ్మా. నాకేం కాదు” అన్నాడు. తాళాలు ఆడిటర్ చేతిలో పెట్టి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

ఆడిటర్ ఊరుకోలేదు. ఏజెన్సీకి ఫోన్ చేసి అతను దొంగ అని చెప్పాడు. అతన్ని ఆ పూటే తీసేస్తామన్నారు వాళ్ళు. పీడా వదిలిందనుకున్నాడు.

మధ్యాహ్నాలు సెలవు పెట్టి తనే కారు నడిపాడు. మళ్ళీ ఫుల్ ట్యాంక్ చేయించిన రోజున లెక్క కడితే అచ్చంగా పదిహేను వచ్చింది.

“చూశావామ్మా! దొంగ పోయాడు, మైలేజీ తిరిగొచ్చింది.”

తల్లి మొహం అటు తిప్పుకుంది.

తిరిగొచ్చింది మైలేజీ ఒక్కటే కాదు. జబ్బు చేసిన కొత్తలో తల్లికి కంటిమీద కునుకు ఉండేది కాదు. మొన్నటి నెల రోజుల్లోనే కాస్త కోలుకుంది. మొహంలోకి కళ వచ్చింది, తిండి సయించింది. కొత్త మాత్రల గొప్పతనమేనని ఆడిటర్ డాక్టరుకి ఫోన్ చేసి మరీ పొగిడాడు. ఇప్పుడు అవే మాత్రలు మింగి కూడా ఆవిడ కప్పు వంక చూస్తూ పడుకుంటోంది. డాక్టరు మోతాదు పెంచాడు. కళ్ళ కింద నలుపు పెరిగిందే గానీ నిద్ర రాలేదు.

“ఎక్కడ నొప్పమ్మా? భయంగా ఉందా? నాకెలా తెలుస్తుంది చెప్పు!”

ఆవిడ ఎడమ చెయ్యెత్తి గాలిలో తిప్పింది, తాళం తిప్పినట్టు. మళ్ళీ తిప్పింది.

“తాళమా?”

అవునన్నట్టు తలూపింది.

బీరువా తాళం తెచ్చాడు. కాదంది. పెట్టె తాళం, వీధి తలుపు తాళం, ఇంటి తాళాలన్నీ తెచ్చి మంచం మీద పోశాడు. ఆవిడ వాటిని ఎడమ చేత్తో కిందికి తోసేసి బావురుమంది. ఆడిటర్‌కీ ఏడుపు ఆగలేదు. కన్నతల్లి ఏదో అడుగుతోంది, అదేమిటో తనకి అంతుపట్టడం లేదు.

మర్నాడు థెరపీ అయ్యాక తల్లిని కార్లో కూర్చోబెట్టి, మందుల చీటీ కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అక్కడి ఆయా ఆవిడ మొహం తుడుస్తోంది.

“ఇవాళ కూడా నిద్రపోలేదా? ఇదివరకు కారెక్కితే చాలు, ఇట్టే కళ్ళు మూసేది” అంది ఆయా.

“కార్లోనా?”

“మరి? ఇంజను ఆపితే ఉలిక్కిపడి లేచేది. అందుకని ఏసీ వేసి, సాయంత్రం దాకా ఆపకుండా ఉంచేవాడు. తనేమో గేటు దగ్గర ఎండలో నిలబడి, ఎవరైనా హారన్ కొట్టబోతే దండం పెట్టి మరీ ఆపేవాడు. ఇంకో గంట పడుకోనీ అక్కా, రాత్రిళ్ళు నిద్ర ఉండదట అనేవాడు.”

ఆడిటర్ వెంటనే డ్రైవర్‌కి ఫోన్ చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే.

“అతను... అతని ఇంకో నంబరేదైనా ఉందా నీ దగ్గర?”

ఆయా అతన్ని ఎగాదిగా చూసింది.

“ఆవిడ కొడుకు నంబరు నన్నడుగుతావేంటి బాబూ? కొత్తగా చేరిన డ్రైవర్‌వి కదా, ఇంట్లోవాళ్ళని అడుగు.”