పళ్లెం కనిపించే లోతు

ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు యేసుప్రసాద్ గారు తుంగభద్రలోకి ఒక పళ్లెం దించేవారు.

నలుపు, తెలుపు రంగులు వేసిన పళ్లెం. దానికి అంగుళాల గుర్తులున్న తాడు. ఎంత లోతున పళ్లెం కనుమరుగవుతుందో, ఆ వారానికి నీటి నిర్మలత అంత. కర్నూలులో నది ఆరోగ్యాన్ని పరిశీలించే స్వచ్ఛంద సంఘం ఆ బాధ్యతను ఆయనకే అప్పగించింది. ఆయన రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు. అరంగుళం తేడానైనా క్షమించరు.

అక్టోబరులో నాలుగడుగులు. డిసెంబరులో మూడు. ఫిబ్రవరి నాటికి అడుగున్నర.

“ఎవరది, సబ్బునురగ వదులుతున్నది?” అని రేవు వైపు తిరిగి కేకేశారు.

“నేనే సారూ, ఓబులమ్మను. ముప్పై ఏండ్ల నుంచి ఈ బండ మీదనే ఉతుకుతాండా. ఇయి మీ ఇంటి దుప్పట్లే!”

“ఎవరివైతేనేం? నీ సబ్బుతో నది చచ్చిపోతోంది. పళ్లెం అడుగున్నరకే మాయమైంది.”

“యాడ? నన్నొకసారి చూడనీ సారూ.”

“చూసే మనిషి మారితే కొలత చెల్లదు. నియమావళిలో ఉంది.”

ఆయన నివేదిక విని సంఘం తీర్మానించింది: ప్రయోగాత్మకంగా ఒక నెల ఆ రేవులో బట్టలు ఉతకరాదు. మర్నాడే బోర్డు వెలిసింది. ఓబులమ్మ మూటలు నెత్తిన పెట్టుకొని, మైలు దూరం దిగువకు నడవసాగింది.

ఆ నెలంతా యేసుప్రసాద్ గారు కడపలో కూతురి ఇంట ఉన్నారు.

తిరిగి వచ్చిన ఆదివారం సంఘమంతా రేవులో గుమిగూడింది. తన బండ దక్కుతుందో లేదో తేల్చుకోవడానికి ఓబులమ్మ కూడా వచ్చి నిలబడింది. ఆయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. పళ్లెం దిగింది. రెండడుగులు. మూడు. నాలుగు. నాలుగున్నర!

చప్పట్లు మోగాయి.

“ఒక్క నెల!” అన్నారాయన. “ఓబులమ్మ బండ దిగిన ఒక్క నెలలోనే నది కోలుకుంది. ఈ నిషేధం ఇక శాశ్వతం కావాలి.”

చప్పట్లు సద్దుమణిగేదాకా ఓబులమ్మ ఓపిక పట్టింది.

“నా బండ నాకు ఇడ్సిపెట్టి, కడపలో ఒక కంటికి చేపిచ్చుకున్న ఆ శుక్లాల ఆపరేషన్ రెండో కంటికి గూడా చేపిచ్చుకో సారూ, ఏరు ఇంకా బాగుపడ్తాది.”