చిన్న జెట్టు

“ఇంకెంతసేపు?” అని అడిగి, జవాబు కోసం కూడా ఆగకుండా మెకానిక్కమ్మ వీపు మీద ఒక్క తన్ను తన్నాడు గడ్డంవాడు.

ఆమె ముందుకు తూలి, బండి చక్రానికి గుద్దుకుంది. పెదవి చిట్లింది. ఉమ్మిలో వచ్చిన నెత్తురు తుడుచుకుని మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

“తన్నితే బండి తయారవదు. అరగంట పడుతుంది.”

“పావుగంట,” అన్నాడు వాడు. వాడి చొక్కా నిండా నెత్తురుంది. అందులో ఒక్క బొట్టు కూడా వాడిది కాదు. రోడ్డుకి రెండు కొసలా పోలీసు జీపులు. ఇక మిగిలింది ఇంటి వెనక కొండదారి. దాని మీద ఎక్కగలిగింది ఈ లావు టైర్ల నాలుగు చక్రాల బండి ఒక్కటే. అది కాస్తా ఆవేళే షెడ్డులో పొట్ట విప్పుకుని కూర్చుంది.

మూలన స్టూలు మీద ఆమె మొగుడు ఉన్నాడు. దర్జీ. నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడైతే గొంతు మీద, గడ్డంవాడి వెంట వచ్చిన పొట్టివాడి కత్తి కూడా ఉంది.

“బాబూ, ఆమెని కొట్టకండి. మంచినీళ్ళేమన్నా తాగుతారా?” అన్నాడు దర్జీ.

పొట్టివాడు చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేయబోతే అలాగే ఉంటుంది.

“అసలేం చేస్తున్నావు దానికి?” అన్నాడు గడ్డంవాడు.

“కొత్త సైలెన్సరు వేశాను. ఇంజను గాలి ఎక్కువ లాగుతుంది. దానికి సరిపడా పెట్రోలు పోవాలంటే కార్బురేటర్లో జెట్టు మార్చాలి.” అరచేతిలో పెట్టి చూపించింది. చొక్కా గుండీ అంత ఇత్తడి ముక్క. మధ్యలో సూది దూరేంత బెజ్జం.

“ఈ కాస్తదానికి ఇంత రాద్ధాంతమా? కానివ్వు.”

అప్పుడే దర్జీ జేబులో ఫోను మోగింది. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. పొట్టివాడు అతన్ని స్టూలు మీంచి కిందికి లాగి, ఆ చెయ్యి నేల మీద పెట్టించి, బూటు మడమతో తొక్కాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. వేళ్ళు విరిగిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. కుడిచెయ్యి. కత్తెర పట్టే చెయ్యి.

మెకానిక్కమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. చేతిలో స్పానర్ పొట్టివాడి భుజం మీద దిగింది. వాడు కుయ్యోమన్నాడు. రెండో దెబ్బ వేసేలోగా గడ్డంవాడు ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని బండి బంపరుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది.

“ఇంకోసారి లేచావంటే వాడి పీక కోస్తాను. పని చూడు.”

ఆమె పని చూసింది. అప్పటిదాకా ఈ దరిద్రం ఇల్లు వదిలి పోతే చాలనుకుంది. ఇప్పుడు పోతే చాలదు. వీళ్ళు చావాలి.

డబ్బాలో జెట్లు చాలా ఉన్నాయి. వెయ్యాల్సిన పెద్దదాన్ని పక్కకు నెట్టి, అన్నిటికంటే చిన్నది తీసి బిగించింది. నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఏ తేడా తెలియదు. మూడొంతుల దారీ మామూలుగానే లాగుతుంది. చివరి ఏటవాలు మీద, పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కితే, పెట్రోలు చాలక ఇంజను కాలిపోయి పిస్టన్ పట్టేస్తుంది. దాంతోపాటు చక్రాలూ బిగుసుకుపోతాయి. అక్కడ దారి బండి పట్టేంత వెడల్పే. ఒక పక్క రాయి, రెండో పక్క లోయ.

కార్బురేటర్ గిన్నె మూసి, స్క్రూలు బిగించి, బండి బయటికి తోసింది. స్టార్టర్ నొక్కగానే ఇంజను గుడగుడమంది.

“పనిమంతురాలివే,” అన్నాడు గడ్డంవాడు, సీటెక్కి. “పైన దారి ఎటు?”

“మూడుగా చీలుతుంది. మధ్యది పట్టుకోండి.”

“చెప్తే కుదరదు. నువ్వూ ఎక్కు.”

అదీ ఆమె లెక్కలోదే. ఏ మలుపులో, ఏ రాయి పక్కన దూకాలో ఆమెకి తెలుసు. చేతులు గుడ్డకి తుడుచుకుని ఒక్క అడుగు ముందుకేసింది.

“ఆమె వద్దు,” అన్నాడు దర్జీ.

అందరూ అటు తిరిగారు. అతను గడపలో నిలబడి, చితికిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“ఆమెకి పైదారి సరిగ్గా తెలీదు. నేను చూపిస్తాను.”

“మీరు లోపలికెళ్ళండి,” అంది మెకానిక్కమ్మ గాభరాగా. “మీకేం తెలుసు ఆ దారి?”

నిజానికి అతనికి కొండ పేరు కూడా సరిగా తెలీదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ బండి మీద ఒక్కసారైనా కూర్చోలేదు. వీధిలో బండి చప్పుడు వింటేనే కుట్టుమిషను మీంచి కాలు తీసేసే మనిషి, ఇప్పుడు ఎవరూ పిలవకుండానే నడిచి వచ్చి వెనక కడ్డీల మీదికి ఎక్కాడు.

“వీడే నయం. తిరగబడడు,” అన్నాడు పొట్టివాడు. దూకుతాడేమోనని అతని నడుముని తాడుతో కడ్డీలకి మూడు చుట్లు చుట్టి ముడేశాడు. తనూ ఎక్కి కత్తి వీపుకి ఆనించాడు.

“నువ్వెళ్ళి ముఖం కడుక్కో,” అన్నాడు దర్జీ భార్యతో. “నాకేం కాదులే.”

గడ్డంవాడు గేరు వేశాడు. మెకానిక్కమ్మ పరిగెత్తుకొచ్చి బండికి అడ్డంగా నిలబడి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

“దిగండి,” అంది కత్తి వంక చూస్తూ. “మిమ్మల్ని లోయలో పడేసే జెట్టు పెట్టాను.”