తామర కొలను అసలు ప్లాను

పాత పార్కుల ప్లాన్లు వెతికిపెట్టడం మణిమాల ఉద్యోగం. తామర కొలను అసలు ప్లాను ఎక్కడా దొరకలేదని ఆమె చెప్పగానే, అన్ని ఆఫీసుల్లోలాగే వాళ్ల ఆఫీసులోనూ ఉన్న, లేనిదాన్ని కూడా పుట్టించే యంత్రం ఒక ప్లాను గీసి ఇచ్చేసింది. చెదలు తిన్న చిల్లులతో సహా. పైగా దానికి పాత కాగితం వాసన కూడా పట్టించింది, దాని మొహం మండ!

ఆ ప్లాను ప్రకారం మళ్లీ కట్టడానికి పూడిపోయిన కొలను తవ్వుతుంటే బురద కిందనుంచి గుండ్రటి నల్లరాతి గట్టు బయటపడింది. ఇన్నేళ్లైనా ఒక్క రాయి కదల్లేదు. ప్లానులో కొలనుకేమో ఎనిమిది మూలలు.

"అసలు కొలను ఇదేనండీ, చూడండి!" అంటూ మణిమాల సంబరంగా ఇంజినీరు ఫణీంద్రని పిలిచింది.

ఆయన గట్టు చూశాడు, ప్లాను చూశాడు, మేస్త్రీని కేకేశాడు.

"ఈ రాళ్లు పగలగొట్టించెయ్. అసలు ప్లానుకి అడ్డొస్తున్నాయి."