వీపు చూపించిన పిల్ల

మూడో పేజీ తిప్పేసరికే రచయిత్రికి అర్థమైపోయింది, ఈ రోజు కూడా ఇంతేనని.

బొమ్మ అందరికీ కనపడేలా పుస్తకాన్ని గుండెకు ఆనించి పట్టుకుని ఏనుగులా ఘీంకరించింది. చాప మీద కూర్చున్న పిల్లలు బొమ్మ వంక ఓ చూపు విసిరి మళ్ళీ తలలు తిప్పేసుకున్నారు. వాళ్ళ కళ్ళన్నీ ముందు కూర్చున్న రెండు జడల పిల్ల మీదే ఉన్నాయి. ఆ పిల్లేమో రచయిత్రికి నిండుగా వీపు చూపించి, మిగతా వాళ్ళ వైపు తిరిగి కూర్చుంది. మోచేతులు కదులుతున్నాయి, భుజాలు ఎగురుతున్నాయి. అటువైపు ఏం వేషాలు వేస్తోందో ఇటునుంచి కనపడదు. పిల్లలు మాత్రం దాని వంక చూసి పళ్ళికిలిస్తున్నారు.

దానికి తోడు కిటికీ కింద రోడ్డు తవ్వుతున్నారు. ఆ యంత్రం రొదకి తన మాట తనకే వినపడక, ఆమె లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చింది. అంత రొదలోనూ పిల్లలు తలెత్తలేదు.

ఈ పుస్తకం కోసం ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక తాబేలు బస్సు నడుపుతుంది. దారిలో చెయ్యెత్తిన ఎవర్నీ వదిలిపెట్టకుండా ఎక్కించుకుంటుంది. చివరికి ముళ్ళపంది ఎక్కితే పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరు. కథంతా అక్కడే ఉంది. ఒక ప్రచురణకర్త ముళ్ళపంది బదులు కుందేల్ని పెట్టమన్నాడు. ఇంకొకాయన ఆఖరి పేజీలో ముళ్ళన్నీ రాలిపోయినట్టు రాస్తే వేస్తానన్నాడు. ముళ్ళు రాలితేగానీ చోటివ్వని బస్సయితే ఇక కథెందుకని ఆమె లేచి వచ్చేసింది. పెద్దవాళ్ళకి రాయడం చేతకాకే పిల్లల మీద పడిందని ఆడపడుచు నలుగురిలో అననే అంది. ఆఖరికి ఒక చిన్న ప్రచురణ సంస్థ ముందుకొచ్చి పుస్తకం వేసింది. అప్పట్నుంచి ప్రతులు సంచీలో వేసుకుని బడులూ లైబ్రరీలూ తిరుగుతోంది. ఒకచోట కథ మధ్యలో ఐస్‌క్రీమ్ బండి వస్తే గది గదంతా ఖాళీ అయిపోయింది. ఇంకోచోట ఆమెని పుస్తకాలమ్మే మనిషనుకుని గుమ్మంలోంచే పంపేశారు.

అలాంటి సమయంలో ఈ లైబ్రేరియన్ ఫోన్ చేసింది. తన దగ్గరికి కొంతమంది పిల్లలు వస్తుంటారనీ, వాళ్ళకి కథలు చెప్పడానికి ఎవరూ రారనీ అంటుండగానే, మాట పూర్తికానివ్వకుండా రచయిత్రి వస్తానని ఒప్పేసుకుంది. ఏనుగుకో గొంతు, కప్పకో గొంతు, ముళ్ళపందికి గుసగుసలాడే గొంతు. ఇంట్లో ఎంత సాధన చేసిందంటే, విని విని విసుగెత్తిన భర్త స్నానాల గదిలోంచి తనే బెకబెకమనడం మొదలుపెట్టాడు. ఇది కూడా బెడిసికొడితే సంచీ అటక మీద పడేసి మళ్ళీ ముట్టుకోనని ఆయనతో చెప్పి మరీ వచ్చింది.

ఇందాక మెట్ల దగ్గర ఎదురొచ్చిన లైబ్రేరియన్ కంగారుగానే ఉంది. పిల్లల టీచరుకి జ్వరమట, రాలేనని కబురు చేసిందట. "అయినా పర్వాలేదండీ, వేరే ఏర్పాటు చేశాం. మీరు కాస్త నెమ్మదిగా చదవండి, చాలు" అంటూనే కింద ఎవరో పిలిస్తే పరుగున వెళ్ళిపోయింది.

నెమ్మదిగా చదవడానికి ముందు ఒకళ్ళయినా వినాలి కదా.

కప్ప దగ్గరికి వచ్చేసరికి రచయిత్రి పిల్లల్ని కూడా తనతోపాటు బెకబెకమనమంది. ఒక్క గొంతూ లేవలేదు. రెండు జడల పిల్ల భుజాలు మాత్రం ఎగిరాయి. ఆ వెంటనే అందరూ బుగ్గలు పూరించి, చాప మీదే గెంతి, నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. వీళ్ళు కప్పని కాదు, నన్నే వెక్కిరిస్తున్నారు అనుకుంది ఆమె. ఒళ్ళు మండిపోయింది. గోడకి చెప్పినా ఇంతకంటే మర్యాదగా వింటుంది.

ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టుకున్న ముళ్ళపంది ఘట్టాన్ని పళ్ళు బిగబట్టి గడగడా చదివేసింది. గుసగుస గొంతు లేదు, పాడూ లేదు. చదవడం అయిపోయాక చప్పట్లయినా కొట్టలేదు. పిల్లలందరూ రెండు చేతులూ పైకెత్తి గాలిలో అటూ ఇటూ ఊపారు, ఇక దయచేయమన్నట్టు.

రచయిత్రి పుస్తకం సంచీలో కుక్కింది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగలేక వెనక్కొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, అంత నచ్చకపోతే బయటికెళ్ళి ఆడుకోవచ్చుగా. నాకు వీపు చూపించి కూర్చున్నావు. నువ్వు వినవు, వాళ్ళని విననివ్వవు."

ఆ పిల్ల ఇటు తిరిగింది. నుదుటి నిండా చెమట. మొహంలో అల్లరి ఛాయ లేదు, బాగా అలిసిపోయి ఉంది.

"నేను విన్నాను ఆంటీ. ఒక్క ముక్క వదల్లేదు. ముళ్ళపంది దగ్గరే మీరు గబగబా వెళ్ళిపోయారు, నేను అందుకోలేకపోయాను" అంది భయం భయంగా. "అక్కడ మళ్ళీ చదువుతారా? దానికి చోటిచ్చారా లేదా అని వీళ్ళందరూ అడుగుతున్నారు."

రచయిత్రి పిల్లల వంక చూసింది. ఎవరూ పెదవి కదపలేదు, ఆ పిల్ల వంక చూస్తూ చేతులు మాత్రం తిప్పుతున్నారు. వెనకనుంచి ఒక బుడతడు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, ఆ పిల్ల జడ పట్టుకుని గట్టిగా లాగాడు.

"ఎవరడిగారు? నాకేం వినపడలేదే" అంది రచయిత్రి చిరాగ్గా.

ఆ పిల్ల తమ్ముడి చేతిలోంచి జడ విడిపించుకుంది.

"మా అందర్లో చెవులు వినపడేది నాకొక్కదానికే ఆంటీ."