మూడూర్ల అంకెలు

"సారూ, నాకో వెబ్‌సైట్ కావాలె."

పవన్ తలెత్తి చూసిండు. తెల్ల పంచె, చేతిల గొడుగు, అరవై దాటిన మనిషి.

కోదాడ బస్టాండు పక్కన పవన్ నెట్ సెంటర్ పెట్టి ఆరేండ్లయింది. 'వెబ్‌సైట్లు చేయబడును' అని బోర్డు మీద రాయించింది అప్పుడే. ఆ ముక్క చదివి లోపలికొచ్చిన మొదటి మనిషి ఈయనే.

"పేరేంటి పెద్దాయనా? ఏ ఊరు?"

"సోమయ్య. మాది చిలుకూరు."

"ఏం వ్యాపారం?"

"వ్యాపారం ఏం లేదు. ఒక్క పేజీ చాలు."

పవన్‌కు నవ్వొచ్చింది. అయినా ఓపికగ చెప్పిండు. ముందు సైట్‌కు ఒక పేరు తీసుకోవాలె, తర్వాత హోస్టింగ్ ఖాతా తెరవాలె, అండ్ల సైట్ కట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలె.

"అంటే పేరు ఇంటి నంబరు. హోస్టింగు కిరాయి జాగ. సాఫ్ట్‌వేరు మేస్త్రి. గంతేనా?"

"వారెవ్వా! గంతే."

ఖాతా తెరుస్తుంటే మెయిల్ అడిగింది. సోమయ్యకు మెయిల్ లేదు. పవన్ తన మెయిలు, తన ఫోన్ నంబరే కొట్టేసిండు. హాల్‌టికెట్లకైనా, దరఖాస్తులకైనా పవన్‌ది అదే అలవాటు. కోదాడల సగం మంది ఓటీపీలు పవన్ జేబులనే మోగుతయ్.

సోమయ్య ఫోన్‌ల పేజీ ఎట్ల మార్చాల్నో రెండుసార్లు చూపిస్తే నేర్చుకొని పోయిండు.

తెల్లారి పవన్ ఆ పేజీ తెరిచి చూస్తే మూడే వరసలు.

కోదాడ 6. మిర్యాలగూడ 4. సూర్యాపేట 9.

మర్నాడు అంకెలు మారినయ్. రోజూ పొద్దున ఏడింటికల్లా మారుతనే ఉన్నయ్. పైన హెడ్డింగ్ లేదు, కింద ఒక్క ముక్క లేదు.

ఉండబట్టలేక ఫోన్ చేసిండు. "ఏంటి పెద్దాయనా ఈ నంబర్లు?"

"ఎవలకు చెప్పాల్నో ఆళ్లకు ఊరూరు తిరిగి చెప్పిన సారూ. పేజీల రాస్తే కొందరి నౌకరీలు పోతయ్."

ఎవరి నౌకరీలో చెప్పలే. ఇగ పవన్‌కు అన్నం సయిస్తదా? రోజుకు ఎంతమంది చూస్తున్నరో లెక్క తీసిండు. మొదట్ల పదిమంది. నెల తిరిగేసరికి రెండు వందల మంది!

మూడు ఊర్లు. మూడు అంకెలు. పొద్దున్నే ఎగబడి చూసే జనం.

"మట్కా! నంబర్ల జూదం!" అని ఎగిరి లేచిండు పవన్. "ఓరి ముసలోడా, పంచె కట్టుకొని ఎంత పని చేసినవ్!"

అనుమానం పెనుభూతం అన్నరు గద. పోలీసులొస్తే ఖాతా ఎవరి పేరు మీదున్నది? లోపలేసేది ఎవర్ని?

సోమవారం పేజీ మూసేసి పాస్‌వర్డ్ మార్చిండు. సోమయ్య ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఆ నంబర్ బ్లాక్ చేసిండు.

మర్నాడు సోమయ్యే వచ్చిండు.

"సారూ, నాట్ల దినాలు. నాట్లు అయ్యేదాకనన్న ఉండనీ."

"నాట్లకూ నంబర్లకూ ఏం సంబంధం?"

సోమయ్య షాపుల కూసున్న నలుగురి దిక్కు చూసిండు. "జర బయటికి రా సారూ, చెప్త."

"నాతోటి ఆ యవ్వారాలు వద్దు. పో."

పోయిండు.

ఆదివారం పవన్ వేములపల్లికి పోయిండు, అక్క సుకన్య ఇంటికి. నాటు కాడికి సద్ది తీస్కపోతూ అక్క గడ్డిల కాలు పెట్టింది. పాము కరిసింది.

అక్కను కార్ల ఏసుకొని మిర్యాలగూడకు ఉరికించిండు. మొదటి దవాఖానల మందు లేదన్నరు. రెండో దాంట్ల గూడ లేదన్నరు. అక్క కండ్లు మూతలు పడుతున్నయ్.

ఆండాళు అనే నర్సు కారు దాక వెంబడొచ్చి చేతిల చీటీ పెట్టింది.

"ఈ నంబర్‌కు చెయ్ తమ్మీ. ఈ పెద్దమనిషి పాముకాటు మందు ఏ ఊర్ల ఎన్ని సీసలున్నయో రోజూ పొద్దుగాల మా అసొంటోళ్లను అడిగి నెట్ల పెడుతుండె. మా నౌకరీలు పోతయని అంకెలు తప్ప ఏం రాయకపోతుండె. కొడుకును గిట్లనే మూడు ఊర్లు తిప్పి పోగొట్టుకున్న మనిషి. ఎవడో గా పేజీ బంద్ పెట్టిండట, వాని చేతులిరగ!"

పవన్ చీటీ చూసుకుంట అంకెలు కొట్టిండు. ఆఖరి అంకె కొట్టంగనే ఫోన్‌ల పేరు కనబడ్డది.

మట్కా సోమయ్య.

బ్లాక్ తీసి ఫోన్ చేసిండు. ఒక్క రింగుకే ఎత్తిండు సోమయ్య.

"సారూ! పేజీ తెరిసినవా?" గొంతు నిండ సంబురం.

"మా అక్కను... పాము... మిర్యాలగూడల ఉన్నం..."

"కోదాడకు పోకుండ్రి, ఆడ నిన్ననే అయిపోయినయ్. సూర్యాపేటల పదకొండున్నయ్, పొద్దుగాలనే అడిగిన. నువ్ బయల్దేరు బిడ్డా, ఆడ నర్సమ్మకు నేన్ చెప్త."

పొద్దుగూకే యాళ్లకు సూర్యాపేట దవాఖానల అక్క కండ్లు తెరిచింది. సోమయ్య అప్పటికే బస్సెక్కి వచ్చి వరండాల కూసున్నడు. పవన్ ఆయన రెండు చేతులు పట్టుకొని ఏడ్చిండు. తర్వాత పక్కన కూసొని, ఫోన్ తీసి మూసేసిన పేజీ మళ్ల తెరిచిండు.

పేజీ మూసి ఉన్న దినాలల్ల గూడ ఎవరొచ్చి తట్టిపోయిండ్రో హోస్టింగ్ ఖాతాల రాసి ఉంటది. గురువారం పొద్దున ఒక్క ఫోన్ నుంచే ఒక్క గంటల పదిహేడు సార్లు. తర్వాత ఆ ఫోన్ నుంచి మళ్ల ఎవరూ తట్టలే.

పవన్ ఆ వరస చూపించిండు.

"గురువారమా సారూ?" సోమయ్య మెల్లగ అన్నడు. "నిడమనూరుల ఒకామెకు పాము కరిసి పానం పోయింది గా పొద్దే. ఆటోల ఆమె తలకాయ ఒళ్లె పెట్టుకొని, బిడ్డ మన పేజీనే చూసుకుంట కూసున్నదట."